బరువు దిగిన భుజము

దేశచరిత్రములు వ్రాయువారు వర్తకమును గూర్చి వ్రాయునప్పుడు ఓడల పేర్లు చెప్పుదురు. రేవుల పేర్లు చెప్పుదురు. సుంకములు విధించిన రాజుల పేర్లను శాసనములనుండి వెదకి తీసి చెప్పుదురు. ఓడనుండి ఒడ్డునకును, ఒడ్డునుండి గోదామునకును, గోదామునుండి బండికిని సరకును మోసినవాని మాట మాత్రము సాధారణముగా నెవ్వరును చెప్పరు. సముద్రము దాటుటకు మొదట గాలియు, పిదప ఆవిరియు తోడ్పడినవి. కాని మూటను నేలనుండి లేపి మఱియొకచోట దింపుటకు వేలకొలది సంవత్సరములు మనుష్యుని మెడయు, వీపును, నడుమును ముఖ్యసాధనములుగా నుండెను. ఇరువదవ శతాబ్దము సగము గడచువఱకును ప్రపంచములోని గొప్ప రేవులన్నియు ఈ సాధనముమీదనే నడచినవి.

ఈ స్థితి గడచిన డెబ్బది సంవత్సరములలో మాఱినది. నేడు పెద్ద రేవులలో ఓడనిండ సరకు దిగుచున్నను మూట మోయు మనుష్యుడు కానరాడు. పెద్ద గోదాములలో అలమారలే కదలి పనివాని యొద్దకు వచ్చుచున్నవి. ఈ మార్పు మంచిదా చెడ్డదా యని వాదించుట సులభము. అంతకంటె ప్రయోజనకరమైన ప్రశ్న యొకటి కలదు: భుజముమీది బరువు దిగినప్పుడు ఆ భుజము గలవాని గతి యేమైనది? చరిత్రము దీనికి ఒక్కటే సమాధానము చెప్పుట లేదు. ఒకచోట నొకటియు, మఱియొకచోట మఱియొకటియు చెప్పుచున్నది. ఆ భేదమునకు కారణము యంత్రములో లేదనియు, మనుష్యులు తమలో తాము చేసికొన్న యేర్పాటులో నున్నదనియు చూపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట లండను నగరపు రేవును చూతము. 1802లో థేమ్సు నదీతీరమున వెస్టిండియా డాక్కులు తెఱవబడినవి. ఎత్తైన ప్రహరీగోడల లోపల బారులు తీర్చిన గోదాములలో దీవులనుండి వచ్చిన పంచదారయు, సారాయియు నిండియుండెడివి. ఆ కాలమున దీవులలో ఆ చెఱకును పండించినవారు బానిసలు. లండనులో ఆ పంచదారను మోసినవారు స్వతంత్రులే గాని, వారి స్వాతంత్ర్యము డాక్కు గుమ్మమువద్ద ప్రతిదినమును పరీక్షకు వచ్చుచుండెను. ప్రాతఃకాలమున వందలకొలది మంది గుమ్మముకడ గుమికూడెడివారు. మేస్త్రీ వచ్చి తనకు నచ్చినవారిని పిలుచును. వానికంట బడుటకై ఒకరినొకరు త్రోసికొనుచు ముందునకు వచ్చెడివారు. పని దొరకినను అది దినమంతయు నుండునను నమ్మకము లేదు. రెండు గంటలలో ముగిసినచో రెండు గంటల కూలియే.

యంత్రజ్ఞానము లేనందున ఇట్లు జరిగినదని తలపరాదు. 1855లో తెఱచిన విక్టోరియా డాక్కులో నీటి ఒత్తిడిచే నడచు క్రేనులు అమర్చబడియుండెను. అయినను ఓడకడుపులో మూటలు సర్దుటకును, గోదాములో పేర్చుటకును మనుష్యుడే కావలసివచ్చెను. ఏలయన, పనిలేని దినమున యంత్రమునకు పెట్టిన సొమ్ముపై వడ్డి కట్టక తప్పదు. పనిలేని దినమున కూలివానికి ఏమియు నియ్యనక్కఱలేదు. మనుష్యుడు ఇంత చవుకగా దొరకుచున్నంతకాలము యంత్రమును కొనువాడెవ్వడు?

1889వ సంవత్సరము ఆగస్టు నెలలో ఈ కూలీలు పని మానివేసిరి. బెన్ టిల్లెట్, టామ్ మాన్, జాన్ బర్న్స్ అనువారు నాయకులుగా నుండిరి. గంటకు ఆఱు పెన్నీల కూలియు, ఒకసారి పిలిచినచో నాలుగు గంటలకు తక్కువగాకుండ పనియు నిమ్మని వారు కోరిరి. ఆస్ట్రేలియానుండి ముప్పదివేల పౌనులకు పైగా సహాయము వచ్చినది. కార్డినల్ మానింగ్ అను వృద్ధ మతాచార్యుడు రాయబారము నడపెను. సెప్టెంబరు నెలలో కూలీలు గెలిచిరి. కూలి పెరిగినది గాని గుమ్మముకడ నిలిచి పిలుపునకై కాచుకొను పద్ధతి మాత్రము మఱి డెబ్బదియెనిమిది సంవత్సరములు, అనగా 1967వఱకును, పూర్తిగా తొలగలేదు.

ఇట్టి పద్ధతికి లోబడినవారిలో మనవారును కలరు. రంగమని మన తీరప్రాంతమువారు పిలిచెడి రంగూను రేవులో ఓడల బరువును మోసినవారు చాలవఱకు తెలుగువారే. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి పొట్ట చేత బట్టుకొని వారు ఓడలెక్కి పోయిరి. బర్మాలో వారికి కోరంగివారని పేరు వచ్చినది. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరే ఒక జాతి పేరైనది. వీరిని మేస్త్రీలు బయానా ఇచ్చి తీసికొనిపోయెడివారు. ఆ అప్పు కూలిలో కోసికొనుటయు, కోసికొన్నను అప్పు తీరకుండుటయు సామాన్యమై యుండెను. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి బర్మాలో భారతీయులు పదిలక్షలకు మించియుండిరి; రంగూను నగరమున సగమునకు పైగా వారే.

1930 మే నెలలో రంగూను రేవు కూలీలు, ముఖ్యముగా తెలుగువారు, ఎక్కువ కూలి కోరి పని మానివేసిరి. ఓడల గుత్తదారులు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొనిరి. కొన్ని దినములకు రాజీ కుదిరి తెలుగువారు మరల పనిలోనికి వచ్చిరి. మే 26వ తేదీని యథాప్రకారముగా పనికి వచ్చిన బర్మావారికి పని లేదని చెప్పబడెను. గుమ్మముకడ మొదలైన మాటల తగవు గంటలలో నగరమంతట అల్లరిగా మాఱినది. నూఱుమందికి పైగా చనిపోయిరి. వారిలో అధికసంఖ్యాకులు మనవారు. ఈ ఘోరమును జాతివైరమని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఒక్క మూటకొఱకు ఇద్దఱు బీదలను నిలిపి, నేడు నీవు, రేపు వాడు అని పిలిచెడి పద్ధతియే ఆ వైరమునకు మేతయైనది. అచ్చట ఏ క్రొత్త యంత్రమును ఎవనిని త్రోసివేయలేదు. మనుష్యునిచేతనే మనుష్యుని త్రోయించిరి. యంత్రము రాకున్న కూలి సుఖముగా నుండెడివాడని చెప్పువారు రంగూను చరిత్రమును జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక యంత్రము వచ్చిన విధము చూడుడు. అది పెద్ద యంత్రరూపమున రాలేదు, పెట్టెరూపమున వచ్చినది. పూర్వము ఒక్కొక్క ఓడలో బస్తాలు, పీపాలు, బేళ్లు, గంపలు వేలకొలదిగా నుండెడివి. ఒక్కొక్కదానిని లారీనుండి దింపి, గోదాములో పేర్చి, మరల తీసి, ఓడలో సర్ది, అవతలి రేవున మరల ఇదే పని చేయవలెను. ఓడలు సముద్రముమీద తిరుగుటకంటె రేవులో కట్టుపడియుండుటయే తఱచు ఎక్కువ. మాల్కం మెక్లీన్ అను అమెరికా దేశపు లారీల యజమానికి ఒక యాలోచన తోచినది. సరకును విడివిడిగా ఎందులకు మార్చవలెను? లారీమీది పెట్టెనే యెత్తి ఓడలో పెట్టినచో సరిపోదా? 1956 ఏప్రిల్ 26వ తేదీని ఐడియల్ ఎక్స్ అను పాత తైలనౌక నెవార్కు రేవునుండి 58 లోహపు పెట్టెలతో హూస్టను రేవునకు బయలుదేఱెను. ఆ దినములలో విడిసరకు ఎక్కించుటకు టన్నునకు 5 డాలర్ల 83 సెంట్లు వ్యయమగుచుండెను. ఆ ఓడ విషయమున టన్నునకు 16 సెంట్లు కూడ కాలేదని లెక్క తేలినది. ఒక కళాసియొక్క దినవేతనము తగ్గించి మిగుల్చు లాభము కాదిది, ముప్పదియాఱింతలకు మించిన భేదము. ఇట్టి భేదమును ఏ సమ్మెయు, ఏ శాసనమును చిరకాలము ఆపజాలదు.

దీనిని అందఱికంటె ముందుగా గ్రహించిన కార్మిక నాయకుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి హారీ బ్రిడ్జస్. అమెరికా పడమటితీరపు రేవులలోను మొదట గుమ్మపు పిలుపే యుండెను. 1934లో జరిగిన పెద్ద సమ్మె ఫలితముగా అచ్చటి కూలీలు తమ పని తామే వంతులవారిగా పంచుకొను కార్యాలయమును సంపాదించిరి. మేస్త్రీ వ్రేలు చూపుట అంతటితో పోయినది. పిదప ఇరువది సంవత్సరములు వారు యంత్రములను రానీయక నిలుపుటకు ప్రయత్నించిరి. ఒకసారి దింపిన సరకును నేలమీద పెట్టి మరల ఎత్తవలెనను నియమములు సైతము ఉండెను. పెట్టె వచ్చిన తరువాత బ్రిడ్జస్ వేఱు మార్గము త్రొక్కెను. యంత్రమును ఆపలేము, ఆపలేనిదానిని అనుమతించుటకు వెల అడుగుదము, అని అతని వాదము. 1960 అక్టోబరులో ఓడల యజమానులకును కూలీలకును ఒడంబడిక కుదిరినది. యజమానులు తమకు నచ్చిన యంత్రములు తెచ్చుకొనవచ్చును. అందులకు బదులుగా అయిదున్నర సంవత్సరములలో 2 కోట్ల 90 లక్షల డాలర్లు కూలీల నిధికి చెల్లింపవలెను. పట్టికకెక్కిన కూలీ నెవనిని యంత్రము వచ్చినదను కారణమున తొలగింపరాదు. ఇరువదియైదు సంవత్సరములు పనిచేసి అఱువదియైదవ యేట విరమించుకొన్నవానికి 7,920 డాలర్లు దక్కును.

ఈ యొడంబడిక నిర్దోషమైనది కాదు. పట్టికలో మొదటి తరగతివారికే ఈ లాభములు. రెండవ తరగతివారికి లేవు. యజమానులకు మిగిలిన లాభముతో పోల్చినచో నిధి స్వల్పమని కూలీలే పిదప చింతించిరి. 1971లో మొదలైన సమ్మె మొత్తము 134 దినములు సాగుటకు ఈ యసంతృప్తి ఒక కారణము. అయినను ఇందులో ఒక గొప్ప సూత్రము స్థాపితమైనది. యంత్రము వలన మిగులు ధనములో, ఆ యంత్రము వచ్చుటవలన పని పోగొట్టుకొనువానికి భాగము కలదు అను సూత్రమది. దయవలన నిచ్చు దానము కాదు. హక్కువలన వచ్చు భాగము.

లండనులో జరిగినది వేఱు. అచ్చట 1967 సెప్టెంబరులో గుమ్మపు పిలుపును రద్దుచేసి కూలీలందఱిని స్థిరోద్యోగులుగా చేసిరి. కాని ఆ యేడే ఈస్టిండియా డాక్కు మూతపడినది. మఱుసటి యేడు సెయింటు కాథరిన్ డాక్కు మూతపడినది. పెట్టెలోడలు టిల్బరీ, ఫెలిక్‌స్టో రేవులకు తరలిపోయినవి. 1981 నాటికి నగరములోని డాక్కు లన్నియు మూయబడినవి. కూలీలకు విరమణధనము ముట్టకపోలేదు. అది విడివిడిగా ఒక్కొక్కని చేతికి వచ్చినదే గాని, డాక్కును నమ్ముకొని మూడుతరములు బ్రదికిన పేటలు ఏమి కావలెనో ముందుగా ఆలోచించినవారు లేరు. వెస్టిండియా డాక్కులున్న చోట నేడు కానరీ వార్ఫ్ అను బ్యాంకుల మేడలు నిలిచియున్నవి. ఒక పాత గోదాములో 2003లో డాక్కుల చరిత్రను చూపు ప్రదర్శనశాల తెఱచిరి. కూలివాడు ప్రదర్శనశాలకు చేరెను. వాని మనుమనికి ఆ మేడలలో ఉద్యోగము దొరకునట్లు చేయు విద్య మాత్రము సకాలమున వాని పేటకు చేరలేదు.

రేవునుండి యంత్రము గోదాములోనికి వచ్చినది. 1950ల దశకములోనే అమెరికాలో నేలలో పూడ్చిన తీగవెంట తోలువాడు లేకుండ నడచు బండ్లు బయలుదేఱినవి. 1962లో జర్మనీదేశమందలి గూటర్స్‌లో పట్టణమున బెర్టెల్స్‌మన్ అను ప్రచురణసంస్థవారు తమ పుస్తకములకై ఎత్తైన అలమారలతో ఒక గోదాము కట్టించి, యంత్రముచేతనే పుస్తకములు పెట్టించి తీయించిరి. యంత్రమునకు మొదట దొరకిన భాండాగారములలో పుస్తకభాండాగార మొకటి యగుట సాహిత్యప్రియులకు వింతగా తోచవచ్చును.

అయితే బలమున్న యంత్రమునకు కన్ను లేదు. ఏ మూటలో ఏమున్నదో అది యెఱుగదు. ఆ కన్ను గీతలరూపమున దొరకినది. జోసెఫ్ వుడ్‌లాండ్ అను యువకుడు మయామీ సముద్రతీరమున కూర్చుండి, తాను బాల్యమున నేర్చిన మోర్సు తంతిలిపిలోని చుక్కలను, అడ్డగీతలను ఇసుకలో వ్రాసి, వానిని వ్రేళ్లతో క్రిందికి లాగెనట. చుక్కలు సన్నగీతలైనవి, అడ్డగీతలు లావుగీతలైనవి. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దినట్లే యంత్రమును ఇసుకలోనే అక్షరాభ్యాసము పొందినదన్నమాట. అతనికిని, అతని మిత్రుడు బెర్నార్డ్ సిల్వర్‌నకును 1952లో దానిపై హక్కుపత్రము లభించెను. కాని గీతలను చదువు సాధనములు చవుకయగుటకు మఱి రెండు దశాబ్దములు పట్టినది. 1974 జూన్ 26వ తేదీని ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమున ఒక అంగడిలో ఇట్టి గీతలుగల తొలివస్తువు అమ్ముడుపోయినది. అది నమలు బంకపొట్లము. వెల 67 సెంట్లు. నేడు మన గ్రామములోని కిరాణాకొట్టులో సబ్బుబిళ్లమీద కూడ ఆ గీతలున్నవి.

బలమును కన్నును కలిసినపిమ్మట మార్పు వేగముగా సాగినది. 1993లో హాలండుదేశపు రాటర్‌డామ్ రేవులో తోలువారు లేని బండ్లు ఓడపెట్టెలను మోయనారంభించినవి. 2003లో అమెరికాలో మిక్ మౌంట్జ్ అనునతడు కీవా అను సంస్థను స్థాపించెను. అంతకుముందు అతడు పనిచేసిన వెబ్‌వాన్ అను ఇంటింటికి సరకులు పంపు వ్యాపారము 2001లో దివాలా తీసినది. గోదాములో సరకు వెదకి తెచ్చుటకు అగు వ్యయమే అట్టి వ్యాపారములను ముంచునని అతడు గ్రహించెను. పెద్ద గోదాములో పనివాడు దినమునకు కొన్ని మైళ్లు అలమారల నడుమ నడువవలెను. వాని కాలములో అధికభాగము నడకకే పోవును. కీవావారు దీనిని తలక్రిందులు చేసిరి. ఎత్తు తక్కువైన బల్లవంటి బండి నేలమీద అతికించిన గుర్తులను చూచుకొనుచు పోయి, అలమార క్రింద దూఱి, దానిని కొంచెము పైకెత్తి, పనివాడు నిలిచిన చోటికి తెచ్చును. పనివాడు కావలసిన వస్తువు తీసికొనును, అలమార వెడలిపోవును, ఇంకొకటి వచ్చును. 2012లో అమెజాన్ సంస్థ ఈ కీవాను 77 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను. 2025 జూలై నాటికి తన గోదాములలో పదిలక్షల యంత్రములు చేరినవని ఆ సంస్థ ప్రకటించినది.

నడక తగ్గినది, మోత తగ్గినది. శ్రమ తగ్గినదా? ఇచ్చట నిదానించి విచారింపవలెను. అలమారయొద్దకు మనుష్యుడు నడచునప్పుడు ఆ నడకలోనే కొంత విశ్రాంతి కలదు. అలమారయే వచ్చి ఎదుట నిలిచినప్పుడు ఆ విశ్రాంతి లేదు. గంటకు ఎన్ని వస్తువులు తీసెనో యంత్రము లెక్కించును. లెక్క తగ్గినచో ఉద్యోగమునకు ముప్పు. ఒకే విధముగా వంగుట, చేయి చాచుట, త్రిప్పుట వేలసారులు జరుగుటచేత కీళ్లకు నొప్పులు వచ్చును. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రశాసనసభ గోదాముల పనివారినిగూర్చి ఒక చట్టము చేసెను. పనివాడు ఎంతపని చేయవలెనో వానికి వ్రాతమూలముగా తెలుపవలెననియు, భోజనమునకును, విశ్రాంతికిని, మలమూత్రవిసర్జనకును కాలము లేకుండునంత పని విధింపరాదనియు దాని నియమములు. ప్రపంచములో మిక్కిలి ధనవంతమైన రాష్ట్రములలో నొకటి, ఇంతటి యంత్రకౌశలము సాధించిన తరువాత, మనుష్యుడు మూత్రవిసర్జనకు పోవచ్చునని చట్టము చేయవలసివచ్చెను. ఈ సంగతిని మన యువకులు యంత్రముల వర్ణనలతోపాటు చదువుట మంచిది.

ఈ వివాదము నేటికిని తీరలేదు. 2024 అక్టోబరు 1వ తేదీని అమెరికా తూర్పుతీరమునను, దక్షిణతీరమునను రేవు కూలీలు పని మానిరి. మూడుదినములలో ఆఱేండ్లకు నూటికి సుమారు 62 వంతుల వేతనవృద్ధికి యజమానులు ఒప్పుకొనిరి. యంత్రముల ప్రశ్నమీద మాత్రము 2025 జనవరి వఱకు సంప్రదింపులు సాగవలసివచ్చినది. కూలి ఎంత యనునది సులభముగా తేలినది. కూలివాడు ఉండునా ఉండడా యనునదే కష్టముగా తేలినది.

మన తీరమునకు వత్తము. విశాఖపట్టణపు రేవు 1933లో తెఱవబడినది. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడే, అనగా 1948లో, మన దేశమున రేవు కూలీల ఉద్యోగనియంత్రణ చట్టము పుట్టెను. కూలీలను పట్టికకెక్కించి, వంతులవారిగా పని పంచి, పనిలేని దినమున హాజరైనందులకు కొంత భత్యమిచ్చుట దాని సారము. 1959లో విశాఖలో ఆ చట్టము క్రింద మండలి యేర్పడెను. రంగూనులో మన తాతలకు లభింపని గౌరవము మన రేవులో మన తండ్రులకు కొంత లభించినది. అందుచేతనే 1976లో వెలుపలి రేవు కట్టి ఇనుపరాతిని కదలు పట్టాలమీద ఓడలోనికి పోయునప్పుడును, 2003లో పెట్టెలరేవు తెఱచినప్పుడును, పట్టికలోనున్నవానికి నిలుచుటకు కొంత నేల యుండెను.

పట్టికలో లేనివారి సంగతి యేమి? మార్కెటు యార్డులలో మిర్చిబస్తాలు మోయు హమాలీలు, ధాన్యపు గిడ్డంగులలో బస్తాలు నెట్టుకట్టు కూలీలు, పట్టణపు పొలిమేరలలో క్రొత్తగా లేచిన గోదాములలో పొట్లములు కట్టు బాలికలు, ఆ పొట్లములను మోటారుసైకిళ్లమీద ఇంటింటికి చేర్చు బాలురు, వీరిలో పెక్కుమంది గుత్తదారుని క్రిందివారే. రంగూను మేస్త్రీ పేరు మార్చుకొన్నాడే గాని పోలేదు. వయస్సు వచ్చిన పురుషుడు 55 కిలోలకు మించి మోయరాదని అంతర్జాతీయ కార్మికసంస్థ 1967లో సిఫారసు చేసినది. కీవాబండ్లవంటివానిని చేయుటకు 2011లో మన దేశములోనే గ్రేఆరెంజ్ అను సంస్థ పుట్టినది. యంత్రము మన గుమ్మములోనికి వచ్చియే యున్నది.

కొందఱు యంత్రము వలదందురు. వారు మోయునది లెక్కపుస్తకమే గాని బస్తా కాదు. నలువదియేండ్లకే నడుము వంగిన హమాలిని అడిగినచో తన కుమారునికి ఆ బస్తా వలదనియే చెప్పును. బరువు మోయుట పుణ్యము కాదు; దానిని మాన్పించుట పాపము కాదు. మఱికొందఱు, యంత్రము రానిండు, పని పోయినవానికి లోకమే వేఱు పని చూపునందురు. లోకము లండను డాక్కుపేటలకు చూపిన పని మనము చూచితిమి. లోకము చూపుటకు ముప్పదియేండ్లు పట్టును. కూలివాని కడుపు ముప్పది దినములు ఆగదు.

చరిత్రము మనకు నేర్పు పాఠము మూడు మాటలలో చెప్పవచ్చును. యంత్రము రాకముందే కూలివాని పేరు పట్టికకెక్కవలెను. పేరులేనివానికి నష్టపరిహార మిచ్చువాడుండడు. యంత్రమువలన మిగులు ధనములో వానికి భాగము, వాని బిడ్డకు విద్య, ఒడంబడికలోనే వ్రాయబడవలెను. యంత్రముతో కలిసి పనిచేయువాని వేగమునకు హద్దు చట్టములో నుండవలెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇందులో రెండు సగముగా జరిగినవి. విశాఖలో ఒకటి జరిగినది. మూడును పూర్తిగా జరిగిన చోటు ఇంకను చరిత్రములో లేదు. దానిని మొదట జరిపించు కీర్తి మనవారికే ఏల దక్కరాదు?

విద్యావంతుల గృహములకు నేడు వస్తువులు గడపవద్దకే వచ్చుచున్నవి. ఆ పొట్లమును విప్పునప్పుడు, ఇది ఎన్ని చేతులు మాఱి వచ్చినది, ఆ చేతులవారి పేర్లు ఏ పట్టికలోనైన నున్నవా యని ఇంటిలోనివారు విచారించుట నేర్చినచో, శాసనసభలలో ఆ ప్రశ్న వేయువారు తప్పక పుట్టుదురు. సంఘసంస్కారము గృహముననే మొదలగునని మన పెద్దలు చెప్పిన మాట ఈ విషయమునను సత్యము.